కల్తీ సరుకు

“రెండు రకాల కణాలు కలిసున్నాయా? అంటే కల్తీయే కదమ్మా!” గణపతిరావు డాక్టరమ్మ మీద లేచాడు.

రాజాంలో ధాన్యం వ్యాపారి ఆయన. బస్తాకి గొట్టం గుచ్చి తీసిన గింజల్లో రెండు రకాలు కనిపిస్తే బండినే తిప్పి పంపేస్తాడు. ఇప్పుడు ఆయన అరికాలి నల్లమచ్చలోంచే ముక్క తీసి పరీక్ష చేశారు.

“మచ్చ కేన్సరే. దాని కణాల్లో ఒక జన్యువు మారింది, అది మంచి కబురు కాదు,” అందామె. “కానీ వాటి మధ్య, వాటితో పోరాడే మీ ఒంటి కాపలా కణాలు బోలెడు దూరాయి. మచ్చలో ఇలా ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారు.”

“కల్తీ అంటే మండిపడతారు కదా, ఇప్పుడేటంటారు?” అంది భార్య యమున, కళ్లు తుడుచుకుంటూ.

గణపతిరావు బల్ల మీదకి వంగి గొంతు తగ్గించాడు. “అమ్మా, ఆ కల్తీని ఇంకాస్త పెంచే మందేదైనా ఉన్నాదేటి?”

డాక్టరమ్మ అప్పటికే అదే రాస్తోంది.