గుమ్మడికాయ గ్లోబు

"రేపటిదాంక ఆ గ్లోబు బడిల ఉంటదంటవా బిడ్డా? నాకైతే నమ్మకం లేదు" అంది మార్తమ్మ, బడి స్టాఫ్‌రూములో కూతురి కంచంలో పప్పు వడ్డిస్తూ.

గ్రేస్ టీచర్ నవ్వింది. "ఎక్కడికి పోతదమ్మా? దానికేమన్న కాళ్లున్నయా?"

"దానికి లేకుంటేంది? త్రిపురసుందరికి చేతులున్నయ్ గద!"

"మెల్లగ! పక్క రూములనే ఉన్నదామె."

నాచారంలోని ఆ ప్రైవేటు బడిలో హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ ఖాళీ అయింది. అందరికంటే సీనియర్ గ్రేస్. త్రిపురసుందరి టీచరేమో కరస్పాండెంట్ చిదంబరానికి స్వయానా మరదలు. ఎవరికిచ్చినా రెండోవాళ్లు ఊరుకోరని తెలిసిన చిదంబరం, తీర్పును స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ మీదికి తోసేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఆయన ముందు ఇద్దరూ చెరో పాఠం చెప్పాలి. ఎవరి పాఠం బాగుంటే వారిదే కుర్చీ.

గ్రేస్ ఎంచుకున్న పాఠం 'రాత్రి, పగలు'. బడి మొత్తానికి ఉన్నది ఒక్కటే గ్లోబు, అదీ ఆటబంతి అంత. అది ఉండేది వరండాలోని బీరువాలో. ఆ బీరువాకు తాళం లేదు, అటెండర్ పోశయ్య కట్టిన పురికొస తప్ప.

"ఇన్నేండ్ల సంది చాక్‌పీసు దుమ్ము మింగినవ్. గా కుర్చీ వేరేటోళ్లకు పోతే నాకు ముద్ద దిగది" అని మార్తమ్మ మళ్లీ మొదలుపెట్టింది.

తల్లి భయాలు గ్రేస్‌కు కొత్త కావు. టీచర్ ట్రైనింగ్ పరీక్షలప్పుడు, బస్సు చెడిపోతుందేమోనని పక్కనే ఉన్న ఉప్పల్‌కు ముందురోజే పంపి చుట్టాలింట్లో పడుకోబెట్టింది. కొత్త గొడుగు గాలికి విరుగుతుందేమోనని, దాన్ని కొంగులో దాచుకుని వానలో తడుస్తూ నడిచొచ్చిన మనిషి.

గంట కొట్టారు. మార్తమ్మ ఇంకా గిన్నెలు గంపలో సర్దుకుంటూనే ఉంది, గ్రేస్ క్లాసుకు పరుగెత్తింది.

మధ్యాహ్నం వస్తానన్న ఇన్‌స్పెక్టర్ మర్నాడు పొద్దున ప్రార్థన గంటకే దిగాడు. బడంతా ఉరుకులు పరుగులు. ఆ హడావిడిలో పోశయ్య బీరువా తెరిచి కేకేశాడు.

"టీచరమ్మా! గ్లోబు లేదు!"

కట్టిన పురికొస కట్టినట్టే ఉంది. గ్లోబు మాత్రం లేదు. "నేను తియ్యలేదు బాబూ, ముందే చెప్తున్నా" అంది త్రిపురసుందరి. ఆమెను ఇంకా ఎవరూ అడగనేలేదు.

మొదటి పాఠం ఆమెదే. రంగురంగుల చార్టులతో పద్యం బ్రహ్మాండంగా చెప్పింది. తర్వాత గ్రేస్ వంతు. వట్టి చేతులతో నిలబడిన గ్రేస్ కళ్లు గుమ్మం మీద ఆగాయి. దిష్టికని చిదంబరం కట్టించిన బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది.

"పోశయ్యా, అది దించు."

"అయ్యో, బడికి దిష్టి తగుల్తది టీచరమ్మా!"

"తగిలేది ఎప్పుడో తగిలింది. దించు నువ్వు!"

రేకుల కప్పుకు పడిన చిల్లులోంచి ఎండ ఏటవాలుగా దిగుతోంది. గ్రేస్ కాయను అందులో పట్టుకుంది. కాయ మీది బూడిదలో వేలితో అడ్డంగా గీత గీసి, అది భూమధ్యరేఖ అంది. ఆ పైన ఒక చుక్క పెట్టి, ఇది మన నాచారం అంది. కాయను మెల్లగా తిప్పేసరికి నాచారం ఎండలోంచి నీడలోకి జారింది.

"చీకటైంది టీచర్!" పిల్లలంతా ఒక్కసారే అరిచారు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచొచ్చి, ముచ్చట తీరక, తానూ ఒకసారి తిప్పి చూశాడు. "ఈమెను పెట్టుకుని ఇంకో హెడ్‌మిస్ట్రెస్‌ను వెతుకుతున్నారా?" అని చిదంబరాన్ని అడిగి, చేతి బూడిద దులుపుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన జీపు మలుపు తిరిగిందో లేదో, త్రిపురసుందరి అందుకుంది. "గ్లోబు మాయం కావడమేంటి, గుమ్మడికాయ సిద్ధంగా ఉండటమేంటి! రిహార్సల్ బాగా చేశారు టీచర్!"

చిదంబరానికి ఆ మాట భలే కలిసొచ్చింది. "గ్లోబు దొరికిన రోజే నీకు ఆర్డర్. రేపటికి దొరకలేదా, పోశయ్యను తీసేస్తా. నీ సంగతి కూడా ఆలోచిస్తా" అన్నాడు.

మార్తమ్మ సద్ది పట్టుకుని గేటు దాకా వచ్చేసరికి పోశయ్య ఏడుస్తూ సంగతంతా చెప్పాడు. వింటూనే ఆమె నెత్తి మీది గంప దించకుండా వెనక్కి తిరిగింది. బిడ్డకు అన్నం ఇవ్వడం కూడా మరిచిపోయింది పాపం.

సాయంత్రం ఆకలితో, కోపంతో ఇల్లు చేరింది గ్రేస్.

"ఇదంతా ఆ త్రిపురసుందరి పనే! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే నేను తియ్యలేదంటదమ్మా!"

మార్తమ్మ భుజం మీద కొంగు సర్దుకుంది. రోజూ త్రిపురసుందరిని తిట్టందే పొయ్యి ముట్టించని మనిషి, ఇవాళ ఆమెను ఒక్క మాట అనలేదు.

"చేతికొచ్చిన కుర్చీ జారిపాయె. పోశయ్య పిల్లలు గలోడు, వాని బతుకేం గావాలె? చెప్పమ్మా, ఎవరు తీసిండ్రంటవ్?"

 కిరసనాయిల్ స్టవ్వు మీద ఎసరు మరిగి మూత ఎగిరెగిరి పడుతోంది. మందుల కంపెనీ సైరన్ మోగి మోగి ఆగింది. గల్లీలో సైకిళ్ల గంటలు దగ్గరికొచ్చి, దూరమయ్యాయి. మార్తమ్మ మూలనున్న బియ్యం డ్రమ్ము వైపు చూస్తోందే గాని కదలడం లేదు.

"సరే, కూసో. బియ్యం నేనే పోస్త" అంటూ గ్రేస్ లేచి డ్రమ్ము మూత మీద చెయ్యి వేసింది.

అప్పుడు నోరు విప్పింది మార్తమ్మ.

"జర మెల్లగ తియ్యి బిడ్డా! ఆమె ఎత్కపోతదేమోనని బుగులైతే నిన్న నేనే గంపల దాసి తెచ్చిన. ఇయ్యాల సద్దితోని తెచ్చిద్దామనుకుంటే గా సారు పొద్దుగాల్నే దిగిండు... కిందవడేసి సొట్టవెట్టకు, మల్ల రేపు ఆర్డర్ ఇయ్యరేమో!"