మూడో కిటికీ

"కుర్చీ ఓ జానెడు ఎడమకి జరుపుకో తల్లీ. పదకొండయ్యేసరికి ఎండ కళ్ళల్లో కొడుతుంది."

వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో మూడో కిటికీ గుమాస్తా తలెత్తి చూసింది. కిటికీ అవతల ఓ ముసలాయన, చంకలో ఫైలు.

"నా కుర్చీ సంగతి నేను చూసుకుంటాను గానీ, మీ పనేమిటో చెప్పండి తాతగారూ."

పని ఓ పాత కారుది. యాభై ఏళ్ల బండి. యజమాని పోయాక భార్య పేరుకు మార్చబోతే చిక్కు బయటపడింది. బండి పుస్తకంలో ఉన్న నంబరు 619908. బండి చట్రం మీద కొట్టి ఉన్నది 806619. రెండింటికీ ఎక్కడా పొంతన లేదు. ఇన్నేళ్లలో ఒక్కరూ బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు.

నంబరు కలవని బండిని దొంగబండి కిందే జమకడతారు. దాన్ని ఆఫీసు వెనక పెరట్లో పెట్టించారు. శుక్రవారంలోగా సంగతి తేలకపోతే తుక్కు లారీ ఎక్కించేస్తారు.

"బండి మీదేనా?"

"కాదమ్మా, ఒకావిడది. దాన్ని సినిమా షూటింగులకి అద్దెకి తిప్పుకుంటూ కూతుర్ని చదివించుకుంటోంది. అది పోతే ఆ పిల్ల చదువు ఆగిపోతుంది."

గుమాస్తాకి అర్థమైపోయింది. బ్రోకరన్నమాట. ఈ వయసులో ఈయనకిదేం బుద్ధి అనుకుంది.

ముసలాయన సన్నకాగితం ఒకటి లోపలికి తోశాడు. చట్రం మీది నంబరుపై కాగితం పరిచి, పెన్సిల్‌తో రుద్ది తీసిన ముద్ర.

"దీన్ని ఇటు, నా వైపు నుంచి చూడమ్మా."

"మీ వైపు నుంచి చూస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. నేను నా వైపు నుంచే చూడాలి."

"రాసినవాడు పొరపాటు పడ్డాడు తల్లీ."

"ఆరంకెలు చూసి రాయడానికి కూడా బుద్ధి ఉండక్కర్లా?"

"బుద్ధిలేనివాడే." ముసలాయన వెంటనే ఒప్పేసుకున్నాడు. "ఒక్కసారి పాత రిజిస్టరు తీయించమ్మా, నీకే తెలుస్తుంది."

"మీరడిగారని దుమ్ములోంచి రిజిస్టర్లు తీయిస్తూ కూర్చుంటే మిగతావాళ్ల పనులేం కావాలి? తర్వాత ఎవరండీ?"

మంగళవారం మళ్ళీ వచ్చాడు. ఐదో కిటికీకి పొమ్మంది. ఐదో కిటికీవాళ్లు మూడుకే పొమ్మన్నారు.

బుధవారం వచ్చాడు. రేపు రమ్మంది.

గురువారం గోడ పట్టుకుని నిలబడ్డాడు. దగ్గు తెరలు తెరలుగా వస్తోంది.

"రేపు రాలేనేమో తల్లీ. ఒంట్లో ఏం బాగోలేదు. ఈ ముద్రా, నేను సంతకం పెట్టిన ఈ దరఖాస్తూ నీ దగ్గరే ఉంచు."

తీసుకుని పెన్నుల డబ్బా కింద పెట్టింది. ఆయన వెళ్ళాక హమ్మయ్య అనుకుంది కూడా.

శుక్రవారం సరిగ్గా పదకొండింటికి ఎండ వచ్చి ఆమె కళ్ళల్లో కొట్టింది. విసుక్కుంటూ కుర్చీ ఎడమకి జరుపుకుంది. నాలుగు రోజులుగా గడియారంలా వేళకి వచ్చే మనిషి ఆ రోజు రాలేదు.

లారీ వచ్చిందని బండి పుస్తకం కోసం అటెండరు వచ్చాడు. పుస్తకం అందుకుని, బల్లకి అవతల నిలబడే తెరిచి చూశాడు. పెన్నుల డబ్బా కింద నుంచి కనబడుతున్న ముద్ర వంకా చూశాడు.

"రెండూ ఒకటే కదా మేడమ్. మరి తుక్కుకెందుకు?"

"ఒకటేంటయ్యా?"

"619908. ఇక్కడా అదే, అక్కడా అదే."

ఆమె లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అటెండరు పక్కన నిలబడి చూసింది. ఆరు తొమ్మిదైంది, తొమ్మిది ఆరైంది. ఎవరో నంబరుని తలకిందుల వైపు నుంచి చదివి రాసేశారు. అంతే.

చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తింది. అప్పటికే కారుకి గొలుసు తగిలిస్తున్నారు. బానెట్ మీద చెయ్యి వేసి ఒకావిడ నిలబడి ఉంది.

"ఆపండి! గొలుసు విప్పండి," అంది గుమాస్తా రొప్పుతూ. తర్వాత ఆవిడ వైపు తిరిగింది. "ఆ తాతగారేరమ్మా? ఆయనకి చెప్పాలి."

"తెల్లవారుజామున పోయారమ్మా. ఇందాకే కబురొచ్చింది."

"ఆయన మీకేమవుతారు?" అంది గుమాస్తా.

"ఏమీ కారు. మా ఇబ్బంది ఎక్కడ విన్నారో, ఆయనే వెతుక్కుంటూ వచ్చారు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. పనయ్యాక తాగుతానన్నారు."

ఒక్క కాగితం తిప్పి చూడ్డానికి తనకి నాలుగు రోజులు పట్టింది. ఆ మాట ఆమెని రోజంతా కోస్తూనే ఉంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక, నంబరు దిద్దడానికి పాత రిజిస్టరు తానే దింపుకుంది. దుమ్ము దులిపి పేజీ తీసింది. తప్పు నంబరు పక్కన నీలి సిరాతో ఒక ముక్క రాసి ఉంది: 'వాహనము గోడవారగా నిలిపి యున్నందున, అవతలి వైపు నుండి వంగి చూచి నమోదు చేయడమైనది.'

ఆమె దరఖాస్తు తెచ్చి పక్కన పెట్టుకుంది. ఆ ముక్క కింద, 'గుమాస్తా, మూడవ కిటికీ' అన్న అక్షరాల మీద, యాభై ఏళ్ల కిందటి వణుకు లేని చేత్తో పెట్టిన తాతగారి సంతకమే ఉంది.