కరివేపాకు కుండీ

పాలు వేసే సింహాద్రి పాకెట్లు అందిస్తూ, "అమ్మగారూ, వచ్చే నెల పదిహేను నుంచి ఒక్కరికి సరిపడా వేస్తే చాలని మీ ఫ్రిజ్ చెప్పిందండి," అన్నాడు.

"దాని మొహం! ఇంట్లో ఇద్దరం ఉంటే ఒక్కరికేమిటి?" అని విసుక్కుంది వకుళ. సింహాద్రి తల దించుకుని మెట్లు దిగిపోయాడు.

అందరిలాగే వకుళ వేలికీ ఓ ఉంగరం ఉంది. అది పగలూ రాత్రీ ఒంట్లో సంగతులు కనిపెట్టి ఫ్రిజ్‌కి, భర్తకి, బీమా వాళ్లకి, చివరికి అపార్ట్‌మెంట్ గ్రూపుకి కూడా చేరవేస్తుంది. చెడ్డ కబురైతే మాత్రం ఆ మనిషికి చెప్పదు. జబ్బు సంగతి రోగి చెవిన వేయకపోవడం మన పెద్దల మర్యాద. యంత్రానికీ అది బాగా వంటబట్టింది.

వకుళ ఇటు తిరిగేసరికి, ఎదురింటి సుభాషిణి వీళ్ల గుమ్మం పక్కనున్న కరివేపాకు కుండీని లేపి బరువు చూస్తోంది.

"ఏంటి వదినా, నా కుండీతో పని?"

"అన్నయ్యగారు నాకిస్తానన్నారు వదినా. పదిహేను దాకా ఆగమన్నారులే. ఎత్తగలనో లేదోనని చూస్తున్నా."

వకుళ తన ఉంగరం వంక చూసుకుంది.

లోపలి నుంచి భర్త చలపతి పరుగున వచ్చి సుభాషిణి మీద మండిపడ్డాడు.

"ఏంటమ్మా ఇది! తనకి చెప్పొద్దని గ్రూపులో అందరికీ పెట్టాను కదా!"