తలుపు మీద చెయ్యి

"చివరి అధ్యాయం ఏదమ్మా?" అన్నాడు రచయిత, తన నవలని తలకిందులుగా పట్టుకుని దులుపుతూ. ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే రాలి పడుతుందేమోనని.

పుస్తకాలక్క బల్ల మీద మంచినీళ్ళ గ్లాసులు సర్దడం ఆపింది. ఆ కొట్టు ఆవిడదే. వీధంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. "అదేగా సార్ చివరిది. ఏళ్ళ తరబడి మాటల్లేని చెల్లెలు అక్క ఇంటికొచ్చి తలుపు మీద చెయ్యి వేస్తుంది. అయిపోయింది."

"అయిపోవడమేంటి? తర్వాత తలుపు తెరుచుకుంటుంది. ఇద్దరూ కావిలించుకుని ఏడుస్తారు. ఆపైన అక్కచెల్లెళ్ళ బంధం గురించి నేను నాలుగు మంచి మాటలు రాశాను. అవి లేకపోతే ఇక నవలెందుకు?"

ఆవిడ ఇంకో కాపీ తెరిచి చూసింది. మరొకటి తీసింది. అన్నీ తలుపు దగ్గరే ఆగిపోయాయి.

"ఇంటికొచ్చిన కాపీలు చూసుకోలేదా సార్?"

"చూశాను," అన్నాడు రచయిత, గొంతు తగ్గించి. ఆయన చూసింది అట్ట వెనక తన ఫొటో. బాగానే పడిందని తృప్తి పడి పుస్తకాలు బీరువాలో పెట్టేశాడు. రాసినవాళ్ళు సాధారణంగా అంతవరకే చూస్తారు.

అరల మధ్య వేసిన కుర్చీలు అప్పటికే నిండిపోయాయి. కుర్చీ దొరకనివాళ్ళు గుమ్మం మెట్ల దాకా నిలబడ్డారు. సభలంటే పడిచచ్చే జనం కాదు వాళ్ళు. పుస్తకాలక్క రమ్మందని వచ్చారు. తాను ఆఖరి పేజీ దాకా చదవని పుస్తకాన్ని ఆవిడ ఎవరి చేతిలోనూ పెట్టదు. పెట్టిందంటే, నచ్చకపోతే వెనక్కి తెచ్చిమ్మంటుంది. చిన్న కొట్టు, ఫ్యాను కూడా ఒకటే. ఆ మాట మీదే నడుస్తోంది. ఈ నవల గురించి కనబడిన ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పింది: "ముగింపు కోసం చదవండి. ఎక్కడ ఆపాలో తెలిసిన రచయిత ఇన్నాళ్ళకి దొరికాడు."

"మైకులో చెప్పేస్తాను," అన్నాడు రచయిత. "ఇవి తప్పుడు కాపీలు, అందరూ తిరిగిచ్చేయండని."

"సార్, ఆ ముగింపు గురించే నేను ఇంటింటికీ చాటింపేశాను. అది ప్రెస్సువాళ్ళ పొరపాటని తెలిస్తే ఇక నా మాట ఎవరు వింటారు? సగం పుస్తకం చదివి మురిసిపోయిందంటారు."

"మీ మాట కోసం నా అధ్యాయానికి నీళ్ళొదులుకోమంటారా?"

"ముందు వాళ్ళ మాటలు వినండి. తర్వాత మీ ఇష్టం."

ముందు వరుసలో కూర్చున్న రచయిత భార్య, జనం ఎదురుచూస్తున్నారు, రమ్మని సైగ చేసింది. ఆయన వెళ్ళి మైకు పట్టుకున్నాడు. గొంతు సవరించుకునేలోపే, వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ లేచింది.

"అయ్యా, నాకు సభల్లో మాట్లాడ్డం చేతకాదు. ఆ అక్క తలుపు తెరవదండి. మా అక్కయితే తెరవదు. అది తెలిసే మీరు అక్కడ ఆపేశారు."

"ఎందుకు తెరవదు?" అన్నాడు వెనక నుంచి బస్సు డ్రైవరు. "తలుపుకి అవతల అక్క కూడా చెయ్యి వేసే ఉంటుంది. నాకలాగే కనబడింది."

"నీకన్నీ కనబడతాయి, స్టాపు దాటేశాక," అన్నాడు పక్కనున్న మంగలి. అందరూ నవ్వారు.

"తెరుస్తుంది. కానీ ఆలస్యంగా తెరుస్తుంది," అంది ఒక నర్సు. "అందాకా చెల్లెలు నిలబడుతుందా లేదా, అదీ కథ."

మాటామాటా పెరిగింది. గొళ్ళెం పెట్టుందా, తలుపు ఊరికే దగ్గరికి వేసుందా అన్నదాకా పోయింది. నవలలో గొళ్ళెం ఊసే లేదు. రచయిత ఎక్కడ మాట్లాడినా జనం గడియారాలు చూసుకునేవాళ్ళు. ఇక్కడ గడియారాన్నీ చూడటం లేదు, ఆయన్నీ చూడటం లేదు. ఆయన కల్పించిన ఇద్దరు ఆడవాళ్ళ కోసం సొంతవాళ్ళ కోసం కొట్టుకున్నట్టు కొట్టుకుంటున్నారు.

చివరికి కుట్టుపని ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మీరే చెప్పండయ్యా. తెరుస్తుందా, తెరవదా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. పుస్తకాలక్క గ్లాసులు తుడిచే గుడ్డని చేతుల్లో మెలిపెడుతోంది. రచయిత నాలిక చివర ఆ అధ్యాయమంతా సిద్ధంగా ఉంది. కావిలింతలు, కన్నీళ్ళు, నాలుగు మంచి మాటలు. నోరు తెరిస్తే చాలు.

"అది నేనే చెప్పేస్తే మీకేం మిగులుతుందమ్మా?" అన్నాడు.

చప్పట్లు ఓ పట్టాన ఆగలేదు. పుస్తకాలక్క గట్టిగా ఊపిరి వదిలి కాపీల కట్టలు విప్పింది. సంతకాలు పెట్టిపెట్టి రచయిత వేళ్ళు కొంకర్లు పోయాయి. తెరుస్తుందని ఒక్క ముక్క రాసిమ్మని బస్సు డ్రైవరు బతిమాలాడు. రచయిత నవ్వి సంతకంతో సరిపెట్టాడు.

ఇంటికి నడుస్తూ కూడా ఆ నవ్వు ఆయన మొహం మీంచి పోలేదు. "రేపు పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళాలి," అన్నాడు భార్యతో.

"వెళ్ళి తిడతారా?"

"తిట్టడమా? ఆ చివరి అధ్యాయం పోగొట్టింది ఎవరో కనుక్కుని దండం పెట్టాలి. ఇన్నేళ్ళు రాశాను, ఇలాంటి ముగింపు ఒక్కటి నా చేత కాలేదు."

ఆవిడ చేతిసంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"అంత దూరం పోవడమెందుకు, ఆ దండమేదో ఇక్కడే పెట్టండి. ఆ అధ్యాయాన్ని నేను ప్రెస్సుకి ఇస్తేగా."