జంట డ్యాన్సుకు పాట

“ఏమప్పా ఓబిలేషూ, పాట చూసినావా లేదా? పెళ్లికూతురిని తీసుకొస్తాండారు!” హనుమక్క పందిట్లోంచి కేకేసింది.

డీజే పెట్టె ముందున్న ఓబిలేష్‌కు ఏ పాట వేయాలో తోచడం లేదు. ఫోనులో పాటలు పైకీ కిందికీ జరుగుతున్నాయే గానీ, వేలు ఒక్కదాని మీదా ఆగడం లేదు.

పోయిన వారం పక్క ఊళ్లో ఇలాంటి పెళ్లికే పోయాడు. కుర్రకారు అడిగారని దుమ్ము లేచే పాట వేశాడు. మొదటి దరువుకే పెళ్లికొడుకు బెదిరి పందిట్లోంచి పారిపోయాడు. పెళ్లి ఆగిపోయింది. ఓబిలేష్ పేరెత్తితే ఆ ఊరివాళ్లు ఇప్పటికీ పళ్లు నూరుతున్నారు.

ఇది సొంత ఊరు. ఇల్లిల్లూ చందాలేసుకుని చేస్తున్న పెళ్లి. సగం ఊరు ఆడపెళ్లివారు, సగం ఊరు మగపెళ్లివారు. చెడిందంటే తిట్లన్నీ అతని నెత్తినే.

“తప్పెట్లు వద్దు చిన్నాయనా, స్లో పాట వెయ్,” అంది పద్మజ. డిగ్రీ చదువుతున్న పిల్ల, ఈ జంట డ్యాన్సు ఆలోచన ఆమెదే. “వాళ్లిద్దరూ పక్కపక్కనే మెల్లగా అడుగులేస్తే, ఎనకాల మేమూ జంటలుగా ఆడతాం.”

ఓబిలేష్ ఒక పాట వినిపించాడు.

“సావింటి పాటేందప్పా!” కసిరింది హనుమక్క.

ఇంకోటి వినిపించాడు.

“థూ! పెద్దోళ్లం ఈడుండాం. మూడు చుట్లు కలిసి తిరిగితేనే తాళి. మా బతుకులన్నీ ఈ పెళ్లి మీదే ఉండాయి, మర్చిపోవద్దు.”

తనది మాత్రం కాదా? ఓబిలేష్ మాటల్లేని వేణువు పాట పెట్టాడు. సౌండు సగానికి తగ్గించాడు.

యాడికి అనే ఊరి నుంచి పొద్దున్నే వచ్చిన పెళ్లికూతురు తల వంచుకుని నిలబడింది. ఇద్దరికీ ముఖపరిచయమైనా లేదు. పెళ్లికొడుకు తల విదిల్చాడు. వాణ్ణి చిన్నప్పటి నుంచీ సాకిన ఎర్రిస్వామి వీపు నిమిరి, “పో నాయనా, భయం లేదు,” అన్నాడు.

ఒక అడుగు. ఇంకో అడుగు. వెనకాల పిల్లలు జంటలు కట్టి మెల్లగా ఊగుతున్నారు. మొదటి చుట్టు అయింది. రెండోదీ అయింది.

మూడో చుట్టులో స్పీకరు కీచుమంది.

పెళ్లికొడుకు టక్కున ఆగిపోయాడు. ఓబిలేష్ సౌండు ఇంకాస్త తగ్గించాడు. ఎర్రిస్వామి కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు పెళ్లికూతురే దగ్గరికి జరిగి, భుజానికి భుజం ఆనించింది. వేణువు సాగుతూనే ఉంది. కాసేపటికి ఇద్దరూ కలిసి కదిలారు. చుట్టు పూర్తయింది.

ఈలలు వేయబోయిన కుర్రాళ్ల నోళ్లు పెద్దవాళ్లు మూసేశారు. ఓబిలేష్‌కు సంతోషంతో ఏడుపొక్కటే తక్కువ.

మబ్బుతునకైనా లేని ఆకాశానికి దండం పెట్టి, “జంటను కలిపినాం, ఇంక నువ్వు కురవాల నాయనా,” అంటూ హనుమక్క పసుపుతాడు తీసి ఆడగాడిద మెడలో కట్టింది.