గుడ్డల గది

ఏటి ఒడ్డున మూతపడిన కాగితం మిల్లును హోటలు చేశారు. మేం భోజనానికి కూర్చున్న గది గోడమీద దాని చరిత్ర రాసి ఉంది: "శుభ్రమైన నూలుగుడ్డలతో ఇక్కడ తెల్లకాగితం చేసేవారు."

"శుభ్రమా, నా మొహం!" అంది అత్తయ్య. ఆవిడ ఇరవై ఏళ్లు ఈ గదిలోనే గుడ్డలు ఏరింది. "ఆసుపత్రుల్లో విప్పేసిన కట్లు బస్తాల్లో వచ్చేవి. చీము అలాగే అట్టకట్టి ఉండేది."

నేను పళ్లెం పక్కకు నెట్టేశాను. "లేవండత్తయ్యా, ఇంటికి పోదాం."

"ఎందుకే? అన్నం మరక పడితే కాగితం పాడవుతుందని, మమ్మల్ని బయట మురుగుకాలవ గట్టున తినమనేవాళ్లు. ఇవాళ ఇక్కడే తింటా. ఇంకాస్త కూర వెయ్యి."

కడుపునిండా తిని, చెయ్యి ఆ తెల్లటి బల్లగుడ్డకే తుడుచుకుంది.