అప్పజెప్పి పో

ఓబులయ్య పెండ్లానికి కొడుకు చేతి మన్ను దక్కకుండా చేసింది విమానాల చదువే.

అందులో వాదనకు తావు లేదు. పులివెందుల చుట్టుపక్కల ఆయనతో ఆ విషయం వాదించినవాడూ లేడు.

తల్లి రామేశ్వరమ్మ ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉందని తెలియగానే, మిలిటరీ విమానం నడపడం నేర్చుకుంటున్న కొడుకు తిరుపాల్ సెలవు అడిగాడు.

‘ఈ పాఠం అప్పజెప్పి పో’ అన్నాడు నేర్పే సారు.

తిరుపాల్ తడబడ్డాడు. మళ్ళీ చదివి, అప్పజెప్పి, ఊరు చేరేసరికి తల్లిని పూడ్చేశారు.

ఆనాటి నుంచి ఓబులయ్య కొడుకు ఫోను ఎత్తలేదు. ఎత్తనని ఆమె సమాధి మీద ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ మధ్య ఫోను మరీ మోగుతోంది. తెలియని నంబర్లు కూడా. ఆయన దాన్ని సంచీలో వేసి తోటలోని చీనీ బత్తాయి చెట్టు కొమ్మకు తగిలించి, పాదులు తవ్వుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం తోట ముందు ఒక ముసలాయన ఆటో దిగాడు. మాసిన గడ్డం. బొట్టు లేని ముఖం. చొక్కా సందులోంచి జందెం.

"తిరుపాల్ వాళ్ళ నాయన నువ్వేనా అప్పా?"

"నేనే సామీ. యాడనుంచి?"

"జమ్మలమడుగు. నా పేరు సీతాపతి."

"ఎండన పడి వచ్చినారు. లోపలికి రాండి, నీళ్ళు తాగుదురు."

చెంబు చాపగానే సీతాపతి గబుక్కున వెనక్కి జరిగాడు.

"వద్దప్పా. నేను గడప తొక్కగూడదు. ఈడనే నిలబడతా."

ఓబులయ్య చెంబులో నీళ్ళు చెట్టు మొదట్లో గుమ్మరించాడు.

"గొర్లు కాసేటోళ్ళ ఇంట్లో నీళ్ళు తాగితే జందెం తెగిపోతాదా సామీ?"

"అది కాదప్పా..."

"ఇంగేంది? బస్సులో మా పక్కనే కూచుంటారు. హోటల్లో ఎవురు కాపీ పెట్టినా తాగుతారు. మా గడప మాత్రం కాల్తాదా?"

సీతాపతి తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు.

"నీ కొడుకు ఫోను చేస్తాండాడంట. ఎత్తవంటనే."

"ఓహో! రాయబారం పంపినాడా?"

"ఎత్తప్పా. పిల్లలు చేసినప్పుడే ఎత్తాల."

ఓబులయ్యకు ఒళ్ళు మండింది.

"మీకేం తెలుసు సామీ? తెల్లారకముందే క్లాసంట. పగలంతా విమానమంట. పొద్దుగూకినాక మళ్ళీ పుస్తకాలంట. గాలి సంగతొక పుస్తకం, ఇంజిన్ సంగతొక పుస్తకం, మబ్బులకొక పుస్తకం. అంతా ఇంగ్లీషే. మావోడు చదివింది మా ఊరి తెలుగు బడి. ఆపదొస్తే ఏం చేయాల్నో నిద్రలో లేపి అడిగినా ఒక్క మాట తప్పకుండా చెప్పాలంట. తప్పితే ఆ సారు విమానం ఎక్కనీడంట. తల్లి పోతాంది సారూ అని ఏడ్సినా, అప్పజెప్పి పో అన్నాడే! మనిషేనా వాడు?"

"కఠినమేలే అప్పా. నేను చెప్పొచ్చిందేమంటే..."

"ఏం చెప్పొద్దు! వాణ్ణి కన్నోళ్ళు గూడా నా మాదిరే ఏడ్సాల!"

సీతాపతి చేతులు జోడించి ఆటో వైపు నడిచాడు.

"మల్లా వస్తే మీ నీళ్ళు మీరే తెచ్చుకోండి సామీ!" వెనకనుంచి కేకేశాడు ఓబులయ్య.

ఆటో మలుపు తిరిగిందో లేదో, పక్క తోట ఖాదర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మామా, తిరుపాల్! ఎవుర్నో అడిగి నా నంబరు పట్టినాడు. నీ ఒట్టు నీ ఫోనుకే గదా, నా ఫోనుకు లేదులే. మాట్లాడు."

స్పీకర్ పెట్టి ఫోను ఓబులయ్య మొహం ముందుకు తోశాడు.

"నాయనా! జమ్మలమడుగు పెద్దాయన వచ్చినాడా?"

"వచ్చినాడు. గడప తొక్కనన్నాడు. తిట్టి పంపిచ్చినా."



"ఎంత పని చేసినావు నాయనా! ఆయన నీకేమీ చెప్పలేదా? మా విమానం కూలిపాయె. నేను ఆసుపత్రిలో ఉండా."

ఓబులయ్య చెట్టును పట్టుకున్నాడు.

"నాకేం గాలేదు. నడుం పట్టిందంతే. గాల్లో ఇంజిన్ ఆగిపోయింది. ‘దూకు’ అన్నాడు మా సారు. నేను ఆలోచించనే లేదు, చేతులే పోయి పిడి లాగినాయి. సీటుతో సహా బయటపడ్డా. ఆ పొద్దు అమ్మ కాడికి రాకుండా ఆపి, నాతో అప్పజెప్పిచ్చుకున్న పాఠం అదే నాయనా."

"మరి... ఆ సారు?"

"కింద ఊరుండె. విమానాన్ని పక్కకు తిప్పినాడు. ఆయన దూకే లోపలే అయిపాయె."

ఖాదర్ ఫోను ఇంకా దగ్గరగా పట్టాడు.

"మా నాయన ఫోను ఎత్తడం లేదని నేను ఏడుస్తాంటే, ‘నేను పోయి చెప్తాలే’ అన్నాడు నన్ను చూసేకి ఆసుపత్రికొచ్చిన ఆ పెద్దాయన. మైలలో ఉండాడు. బతికి బయటపడిన బిడ్డ ఇంటికి అంటు తేగూడదు, వాకిట్లోనే నిలబడి చెప్పొస్తా అన్నాడు."

పెండ్లాం పోయినప్పుడు ఓబులయ్య కూడా ఎవరి గడపా తొక్కలేదు. ఆ మాసిన గడ్డం చూసి కూడా ఆయనకు తట్టలేదు.

చెప్పులు లేకుండా రోడ్డు మీదికి ఉరికాడు. అటూ ఇటూ చూశాడు. ఆటో లేదు. దాని దుమ్ము కూడా అణిగిపోయింది.

వెనకాలే వచ్చిన ఖాదర్ రొప్పుతూ అడిగాడు.

"మైల అంటాండాడు గదా మామా, ఆయన ఇంట్లో పోయిందెవురు?"

"ఆ సారే ఆయన కొడుకు," అన్నాడు ఓబులయ్య, "ఇంగ ఈ సంగతి నా కాడ ఎప్పుడూ ఎత్తొద్దు."